రబ్బరు పడవ ఎందుకు తిరగబడుతుందంటే

జువ్వలదిన్నె,
నెల్లూరు జిల్లా

చిరంజీవులైన పిల్లలకు, తాత ఆశీస్సులు.

ఐరోపా చేరాలని మధ్యధరా సముద్రం దాటే వలస జనం మీద డాక్యుమెంటరీ చూసి, దొంగచాటుగా దాటించే దళారికి అంత డబ్బు పోసేవాళ్లు విమానమే ఎక్కొచ్చు కదా అన్నారు. ఎక్కనివ్వరు. వీసా లేని మనిషిని ఐరోపాకు తీసుకుపోతే విమాన కంపెనీకి జరిమానా, వెనక్కి పంపే ఖర్చూ దాని నెత్తినే. అందుకని కౌంటరు దగ్గరే ఆపేస్తారు. ఆశ్రయం అడగాలంటేనేమో అక్కడి నేల మీద కాలు పెట్టాలి. ఇక మిగిలింది సముద్రమే.

2015 నుంచి ఐరోపా నౌకాదళాలు, ఆఫ్రికా ఉత్తర తీరంలోని లిబియా దేశపు దళారుల చెక్క పడవలు పట్టుకుని ధ్వంసం చేస్తూ వచ్చాయి. దాంతో దళారులు చవక రబ్బరు పడవలకు మారారు. పది మీటర్లు ఉంటుంది, అడుగున ప్లైవుడ్, వెనక 40 హార్స్‌పవర్ ఇంజను. మన రేవులో ఇంచుమించు అంత ఫైబర్ బోటులో ఐదారుగురు వేటకు పోతారు. ఆ రబ్బరు పడవలో వంద మందికి పైనే ఎక్కిస్తారు.

అల మీదికి ఎక్కినప్పుడల్లా పడవ నడుముకాడ వంగుతుంది, చెక్కలు విరుగుతాయి. డబ్బాల్లో పెట్రోలు ఒలికి ఉప్పునీళ్లలో కలుస్తుంది. అందులో గంటలకొద్దీ నానితే ఒళ్లు కాలి తోలు ఊడొస్తుంది. భద్రమని ఆడవాళ్లనూ పిల్లల్నీ నడిమధ్య కూర్చోబెడతారు. ఆ నీళ్లు చేరేదీ అక్కడికే. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

దళారి పడవెక్కడు. ప్రయాణికుల్లోనే ఒకణ్ణి ఇంజను కాడ కూర్చోబెడతాడు. ఒడ్డు చేరాక చాలాసార్లు దొంగ రవాణా కేసు ఆ అమాయకుడి మీద పడుతుంది. ఇది ఘోరమైన అన్యాయం.

లైఫ్ జాకెట్లకూ నమ్మకం లేదు. 2016 జనవరిలో టర్కీలోని ఇజ్మీర్‌లో పోలీసులు 1,263 నకిలీవి పట్టుకున్నారు. లోపల ప్యాకింగు స్పాంజి! నీళ్లు పీల్చి మనిషిని కిందికి లాగుతుంది.

ఇక తిరగబడటమంటారా, జనం ఒక్కసారిగా ఒకే పక్కకు ఒరిగితే చెక్క పడవైనా ఆగదు. 2013 అక్టోబరు 3న ఇటలీ దీవి లాంపెదూసా దగ్గర మునిగింది చెక్క పడవే. ఒడ్డు కిలోమీటరు కూడా లేదు. ఇంజను ఆగిపోతే, ఎవరికైనా కనబడాలని దుప్పటి తగలబెట్టారు. మంటకు బెదిరి జనమంతా ఒకే పక్కకు ఒరిగారు. పడవ బోల్తాకొట్టి 368 మంది పోయారు.

రక్షించే ఓడ కనబడ్డప్పుడూ అదే గండం, అందరూ అటే లేస్తారు. అందుకే రక్షించేవాళ్లు పెద్ద ఓడను దూరంగా నిలిపి చిన్న బోటులో పోతారు. "కూర్చోండి, అందర్నీ తీసుకుపోతాం" అని ముందు చెప్పి, జాకెట్లు పంచి, ఆ తర్వాతే ఒక్కొక్కర్నీ తమ బోటులోకి దించుకుంటారు. మన కడలిలో ఎవరి బోటు ఆపదలో ఉన్నా మీరూ ఇదే వరస పాటించండి. కోస్ట్ గార్డు నంబరు 1554, సెల్లులో వేసుకోండి.

మీ తాత