తోడేలు బొమ్మ ఉన్న రోమన్ కంచు నాణెం: అపోహలు - వాస్తవాలు

నాణేలు పరిశీలించి వివరాలు నమోదు చేయడం నా పని. రోమన్ నాణేల్లో జనం నాకు ఎక్కువగా చూపించేది ఇదే. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ, చుట్టూ ‘ఉర్బ్స్ రోమా’ (రోము నగరం) అని లాటిన్ అక్షరాలు. బొరుసు వైపు ఇద్దరు పసివాళ్లకు పాలిస్తున్న ఆడ తోడేలు, పైన రెండు నక్షత్రాలు.

అపోహ: రోములస్, రెమస్ ఉన్నారంటే ఇది రోము పుట్టిన కాలం నాటిదే.

వాస్తవం: రోములస్, రెమస్ తోడేలు పాలు తాగి పెరిగిన కవలలని, రోము నగరం వాళ్లతోనే మొదలైందని ఐతిహ్యం. ఆ కథ పాతది, నాణెం కాదు. క్రీ.శ. 330 మే 11న కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తన కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) ప్రారంభించాడు. ఆ రోజుల్లోనే రెండు నాణేలు జంటగా వచ్చాయి. కొత్త నగరం నాణెం మీద ఓడ ముందు భాగంపై నిలబడ్డ విజయదేవత, పాత నగరం నాణెం మీద తోడేలు. క్రైస్తవాన్ని ఆదరించిన చక్రవర్తి తోడేలు కథను వదులుకోలేదు. రాజధాని తూర్పుకు పోతున్నా రోము గౌరవం నిలబెడతానని చెప్పడమే ఇందులో ఉద్దేశమని నా నమ్మకం.

అపోహ: ఆ ముఖం ఎవరో మహారాణిది.

వాస్తవం: ఆమె రోమా, నగరాన్నే దేవతగా చూపిన రూపం. చక్రవర్తి ముఖం గానీ పేరు గానీ దీనిమీద లేవు.

అపోహ: రోము పేరుంది కాబట్టి రోములోనే ముద్రించారు.

వాస్తవం: తోడేలు కాళ్ల కింద గీత ఉంటుంది. దాని దిగువన ఉన్న చిన్న అక్షరాలే టంకశాల గుర్తు. అందులో ‘టీఆర్’ ఉంటే నేటి జర్మనీలోని ట్రియర్, ‘ఎస్ఐఎస్’ ఉంటే నేటి క్రొయేషియాలోని సిస్కియా. నేను ముందు చూసేది ఆ అక్షరాలనే.

అపోహ: 1,700 ఏళ్లనాటిది, లక్షలు పలుకుతుంది.

వాస్తవం: ఇది ఆనాటి చిల్లర. ఎన్నో టంకశాలలు ఏళ్ల తరబడి కుప్పలుగా ముద్రించాయి. మొదట్లో సుమారు రెండున్నర గ్రాములున్న బరువు కొన్నేళ్లకే ఒకటిన్నరకు దిగింది. అరిగిన నాణేనికి పెద్ద ధర రాదు.

అపోహ: చింతపండుతో తోమితే విలువ పెరుగుతుంది.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. పూజ సామాను వేరు, ఇది వేరు. శతాబ్దాలపాటు మట్టిలో ఏర్పడిన ముదురు పొర కిందే తోడేలు వెంట్రుకలు, అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి. పులుపు ఆ పొరను తినేస్తుంది, పోయిన వివరం మళ్లీ రాదు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది లోహాన్ని తినే జబ్బు. ఆ నాణేన్ని మిగతావాటికి దూరంగా, తేమ తగలకుండా ఉంచి సంరక్షణ నిపుణులకు చూపించండి.

అపోహ: తెలుగు నేలలో బయటపడ్డ రోమన్ నిధులన్నీ ఇలాంటివే.

వాస్తవం: నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికినవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలపు వెండి దీనారాలు, అంటే దీనికి మూడు శతాబ్దాల ముందువి. నాలుగో శతాబ్దపు కంచు నాణేలు ఎక్కువగా తమిళనాడు, శ్రీలంకల్లో దొరికాయి. మీ పొలంలో ఏ కాలపు నిధి బయటపడినా, విలువ పది రూపాయలు మించితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. అప్పటిదాకా మట్టి కూడా కడగవద్దు.