చెవుడు శాతం, పింఛను నోటీసు: అపోహలు - వాస్తవాలు

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్ల తనిఖీ మొదలైన దగ్గర్నుంచి, పరీక్షకు వచ్చేవాళ్లు చెవి సంగతి తర్వాత, ముందు వైకల్య శాతం సంగతి అడుగుతున్నారు. అడగరా మరి! 2024 జులై నుంచి ఈ పింఛను 3 వేల నుంచి 6 వేలు అయింది. పూర్తిగా మంచాన పడ్డవారికి 15 వేలు. ఆ వెనకే అర్హతల తనిఖీ వచ్చింది, 2025 ఆగస్టులో లక్షమందికి పైగా అర్హత లేదంటూ నోటీసులు వెళ్లాయి. పింఛనుకు కావలసింది కనీసం 40 శాతం వైకల్యం.

అపోహ: ఒక చెవి పూర్తిగా పోతే 50 శాతం

ఆటో నడుపుకునే ఒకాయన నాతో వాదించాడు. "రెండు చెవుల్లో ఒకటి పోయింది. అంటే సగమే కదా మేడం?" మామూలు లెక్కలో ఆయన చెప్పింది నిజమే. కేంద్ర మార్గదర్శకాల లెక్క వేరు. బాగున్న చెవి శాతాన్ని 5తో గుణించి, పాడైన చెవి శాతాన్ని కలిపి, వచ్చినదాన్ని 6తో భాగిస్తారు. ఒక చెవి 100, రెండోది సున్నా అయితే వచ్చేది 17 లోపే. వెనక నుంచి వచ్చే లారీ హారన్ ఏ వైపుదో తెలియక ఆయన పడే అవస్థ ఈ 17లో ఎక్కడా కనపడదు. నా దృష్టిలో ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లోటు ఇదే. కానీ పరీక్ష చేసేవాళ్లు లెక్కను మార్చలేరు.

అపోహ: మళ్లీ పరీక్షలో శాతం తగ్గిందంటే పాతది దొంగ సర్టిఫికెట్

ఈ మాట ఊళ్లో వినపడ్డప్పుడల్లా నాకు మండుతుంది. నకిలీవి అసలు లేవని నేను అనను, చూశాను. అయితే శాతం తగ్గడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి. చీము కారే చెవి మందులతోనో ఆపరేషన్‌తోనో బాగుపడి ఉండొచ్చు. అప్పట్లో గులిమి తీయకుండానే పరీక్ష చేసి ఉండొచ్చు. వైకల్య సర్టిఫికెట్ల కోసం పెట్టే సదరం క్యాంపు రోజు వరండాలో గోల, లోపల నేను వదిలే సన్నని శబ్దం. అలాంటిచోట ఐదో పదో డెసిబెల్స్ అటూ ఇటూ కావడం వింతేమీ కాదు. 40 శాతం దగ్గర ఉన్నవాళ్లకు పింఛను ఉంటుందో పోతుందో తేల్చేది ఆ ఐదు డెసిబెల్సే.

అపోహ: వినపడినా బటన్ నొక్కకుండా కూర్చుంటే శాతం పెరుగుతుంది

పెరగదు. శబ్దం వినపడగానే బటన్ నొక్కమనేది మామూలు పరీక్ష. అనుమానం వస్తే బెరా పరీక్ష చేస్తాం. తలకు చిన్న తీగలు అంటించి, శబ్దానికి వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో నేరుగా చూస్తాం. అందులో మీరు నొక్కాల్సింది ఏమీ ఉండదు. రెండు పరీక్షలూ పొంతన లేకుండా వస్తే, నిజంగా చెవుడు ఉన్నవాళ్లనీ నమ్మరు. ఈ సలహా ఇచ్చే బ్రోకర్లకు పోయేదేమీ లేదు.

అపోహ: రెండు లోపాలు ఉన్నా, దేనికదే 40 దాటాలి

దీనివల్ల నష్టపోయేవాళ్లు ఎక్కువ. రెండింటినీ కలిపి లెక్కవేసే సూత్రం ఉంది. పెద్ద శాతానికి చిన్నదాంట్లో కొంత భాగం కలుస్తుంది. 90లోంచి పెద్ద శాతాన్ని తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగిస్తే ఆ భాగం వస్తుంది. చెవికి 30, కాలికి 30 ఉంటే మొత్తం 60 కాదు, 50. అయినా 40 దాటినట్టే. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతం; దానికి తోడు ఒక చెవి కూడా పూర్తిగా పోతే ఈ లెక్కలో 41 వస్తుంది. కానీ చెవి డాక్టరు చెవి చూసి పంపేస్తారు. కాలి సంగతి మనమే నోరు తెరిచి చెప్పాలి.

అపోహ: నోటీసు వస్తే ఇక అంతే

నోటీసు కాగితంతో ఎంపీడీఓ దగ్గర, పట్టణాల్లో అయితే మున్సిపల్ కమిషనర్ దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. మళ్లీ పరీక్షకు పంపుతారు. నోటీసులు అందినవారికీ సెప్టెంబరు పింఛను ఆపబోమని ప్రభుత్వం అప్పుడే చెప్పింది. 40 రాకపోయినా 60 ఏళ్లు నిండినవారు వృద్ధాప్య పింఛనుకు, భర్త చనిపోయినవారు వితంతు పింఛనుకు మారే వీలుంది. అది 4 వేలు. రెండు వేలు తగ్గుతుంది, మందులు కొనుక్కునేవారికి అది చిన్న మొత్తమేమీ కాదు.

అపోహ: వినికిడి మిషన్ పెట్టుకొని వెళ్తే శాతం తగ్గిస్తారు

పరీక్ష ఎలాగూ మిషన్ తీసేసే చేస్తాం. ఇంట్లో వదిలేసి వచ్చినవాళ్లతోనే తంటా. పేరు పిలిస్తే వినపడదు, వరస పోతుంది, నేను చెప్పేది అర్థంకాక బటన్ తప్పుగా నొక్కుతారు. అప్పీలుకు వెళ్లేటప్పుడు పాత ఆడియోగ్రామ్‌లు (వినికిడి పరీక్ష రిపోర్టులు), ఆపరేషన్ కాగితాలు ఉంటే పట్టుకెళ్లండి. ముందురోజే చెవి శుభ్రం చేయించుకోండి. మిషన్‌లో కొత్త బ్యాటరీ వేసుకోండి.