మినరల్ వాటర్ డబ్బా, నల్లగొండ ఎముక

మొన్న మా నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు పెళ్లికి పోతే, బంతిలో పక్కన కూర్చున్న పెద్దమ్మ మెడ తిప్పలేక మనిషి మొత్తంగా నా వైపు తిరిగి అడిగింది: "సారూ, మా మనుమడు మినరల్ వాటర్ డబ్బా ఏపిస్తుండు. అండ్ల మినరల్స్ ఉంటయంట, ఎముకలు జల్ది ముసలిగ కావంట. నిజమేనా?"

పేరే పెద్ద పరాచికం. ఆ డబ్బా నీళ్ళను వడపోసే ఆర్వో యంత్రం చేసే పని నీళ్ళలోని ఖనిజాలను (అంటే మినరల్స్‌ను) తీసెయ్యడం. ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా చాలావరకు పోతాయి. అయినా ఫ్లోరైడ్ ఎక్కువున్న మా బోరు నీళ్ళ కన్నా ఆ డబ్బా నీళ్ళే నయం. ఎందుకో చెప్పాలంటే ఎముక లోపలికి పోవాలి.

ఎముకను మన పాత మట్టిగోడ అనుకోండి. పండుగకు ముందు పగిలిన చోట పెచ్చులు రాల్చి, కొత్త మట్టి మెత్తి, అలుకుతాం. ఎముకలో ఈ పని ఏడాది పొడుగునా నడుస్తుంది. కూల్చే కణం ఆస్టియోక్లాస్ట్, కట్టేది ఆస్టియోబ్లాస్ట్. పదేళ్లలో పెద్దవాళ్ల అస్థిపంజరం దాదాపు కొత్తదవుతుంది. కూల్చే కణం ఎముకకు జలగలా అతుక్కుని, అడుగున ఆమ్లం పోస్తుంది. ఆ ఆమ్లంలో కరిగేది ఎముకను గట్టిగా ఉంచే ఖనిజం, హైడ్రాక్సీ అపటైట్: పది కాల్షియంలు, ఆరు ఫాస్ఫేట్లు, రెండు హైడ్రాక్సిల్‌లు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు). ఆమ్లంలోని హైడ్రోజన్ హైడ్రాక్సిల్‌తో కలిసి నీరైపోతుంది, అక్కడ గోడ వదులవుతుంది.

ఇప్పుడు ఫ్లోరైడ్ వస్తుంది. హైడ్రాక్సిల్‌కున్నంత విద్యుదావేశమే, ఇంచుమించు అంతే సైజు. ఆ సీట్లో కూర్చుంటుంది. హైడ్రాక్సిల్‌కు హైడ్రోజన్ తోక ఉండటంతో మూడు కాల్షియంల మధ్య కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఫ్లోరైడ్‌కు తోక లేదు, సరిగ్గా నడిమధ్యన దిగిపోతుంది. పట్టు బిగుస్తుంది, ఆమ్లానికి తేలిగ్గా లొంగదు. మట్టిగోడలో నల్లగొండ గ్రానైటు ముక్క పెట్టినట్టే (ఆ ఫ్లోరైడ్ వచ్చిందీ ఆ రాయిలో నుంచే), గడ్డపార జారుతుంది. పైగా కట్టే కణాలను ఫ్లోరైడ్ రెచ్చగొడుతుంది. కూల్చడం మందగించి కట్టడం పెరిగితే, ఎముక కీళ్ళ చుట్టూ, ఎముకలను కట్టి ఉంచే స్నాయువుల్లోకి పాకుతుంది. పెద్దమ్మ మెడ పట్టేసింది అందుకే. ఊరికి శాపం తగిలిందని మేకలు కోసినవాళ్లను నేను చూశాను.

గట్టి ఎముక మంచిదే కదా అని క్లాసులో పిల్లలు ఎప్పుడూ అడిగేవాళ్లు. వైద్యులు కూడా అదే అనుకుని ముసలివాళ్ల గుల్ల ఎముకలకు సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి చూశారు. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి ఫలితాలు వచ్చాయి. నాలుగేళ్లలో వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు మరింత ఎక్కువగా విరిగాయి. పగుళ్లు పూడ్చుకోలేని గోడ ఎంత బరువున్నా పాతదే.

తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని మన ప్రమాణం. తిండిలో కాల్షియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను పేగులోనే కొంత పట్టేసి బయటికి పంపుతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది, జొన్నల్లో అందులో పదోవంతు కూడా ఉండదు. మన జిల్లా జొన్నరొట్టె మీద బతికింది మరి.

పెద్దమ్మకు చింతపండు సంగతి కూడా చెప్పాను. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పిల్లలకు రోజూ చింతపండు పెట్టి చూస్తే, మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. చింతపండు నోటికి పులుపే అయినా మూత్రంలో ఆమ్లగుణాన్ని తగ్గిస్తుంది, అప్పుడు ఫ్లోరైడ్ మూత్రపిండంలో నుంచి రక్తంలోకి తేలిగ్గా వెనక్కి మళ్లదు.

"పచ్చిపులుసు రోజూ తాగితిమి గద సారూ," అంది పెద్దమ్మ. "ఆ పులుసు కలిపింది గూడ బోరు నీళ్లల్లనే."

నా దగ్గర జవాబు లేదు. పెరుగు వడ్డిస్తున్నారు, ఆమెకు ఇంకో గంటె వెయ్యమన్నాను.