మసి మీద పూసిన పూలు

నా బంగారాలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "గోడల నిండా పూలున్న ఆ ఊరేంటమ్మమ్మా?" అని అడిగారు కదా, తీరిగ్గా చెప్పాలని ఉత్తరం రాస్తున్నాను. ఆ ఊరి పేరు జాలిప్యె. పోలండ్ దక్షిణాన, క్రాకో నగరానికి తూర్పుగా, పొలాల మధ్య ఉన్న చిన్న పల్లె.

ఆ పూలకు మూలం మసి అంటే నమ్ముతారా? పాతకాలంలో అక్కడి ఇళ్ళకు పొగగొట్టాలు ఉండేవి కావు. పొయ్యి పొగ ఇల్లంతా చుట్టి, కప్పులో ఉన్న కంతలోంచి బయటికి పోయేది. గోడలూ దూలాలూ నల్లగా మసిబారేవి. పండగొస్తే ఆడవాళ్ళు సున్నం కలిపి ఆ నలుపు మీద తెల్లటి మచ్చలు అద్దేవాళ్ళు. 19వ శతాబ్దం చివర్లో పొగగొట్టాల పొయ్యిలు వచ్చాక గోడలు తెల్లగా నిలిచాయి. ఆ తెలుపు మీద మచ్చలు మెల్లగా పూలయ్యాయి, తీగలయ్యాయి.

రంగులు కొనే స్తోమత ఎవరికుంది! మసి, బంకమట్టి, సున్నం, ఇంట్లో ఏముంటే అదే రంగు. పిండి ఉండలు ఉడికించిన నీళ్ళు కలిపితే ఆ జిగురుకి రంగు గోడను పట్టుకునేది. ఆవు తోక వెంట్రుకలు పుల్లకు కట్టుకుంటే అదే కుంచె. వంట చేసే చేతులే బొమ్మలూ వేశాయి. నాకు ఈ ఊరు ఇంత నచ్చడానికి కారణం అదే.

వాళ్ళలో ఫెలిత్సియా త్సురివోవా (1904–1974) పేరు గుర్తుపెట్టుకోండి. గోడలు, పొయ్యి, ఇంట్లో దేన్నీ వదలకుండా పూలు వేసింది. ఊరి పేరు దేశమంతా తెలియడంలో ఆవిడ పాత్ర చాలా పెద్దది. ఆవిడ పోయాక ఆ ఇంటిని మ్యూజియంగా చేశారు.

రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ దాదాపు 60 లక్షల మంది పౌరులను పోగొట్టుకుంది. అంత దుఃఖం తర్వాత, 1948లో, ఆ ఊళ్ళో ఇళ్ళకు రంగుల పోటీ పెట్టారు. ఇప్పటికీ కాథలిక్కు క్రైస్తవుల దివ్యసత్ప్రసాద పండగ (కార్పస్ క్రిస్టి) దాటగానే వచ్చే శని, ఆదివారాల్లో జరుగుతుంది. అంతకుముందే వాన దెబ్బకు వెలిసిన పూలన్నిటికీ మళ్ళీ రంగు పడాలి. న్యాయనిర్ణేతలు ఇంటింటికీ వచ్చి చూస్తారు. అవి ప్రదర్శన కోసం కట్టిన ఇళ్ళు కావు సుమా, లోపల మనుషులు కాపురం ఉంటున్నారు.

ఊరి నడిబొడ్డున "చిత్రకారిణుల ఇల్లు" ఉంది. 1970ల చివర్లో తెరిచారు. ఆడవాళ్ళు అక్కడ కలిసి బొమ్మలు వేస్తారు, వచ్చినవాళ్ళకు నేర్పిస్తారు.

ఉత్తరంతో పాటు ఒక ఫోటో పెట్టాను. బావి పక్కన జాగ్రత్తగా చూడండి, కుక్క గూటికి కూడా పూలే!

మీ అమ్మమ్మ