పులికి పాత తోవ, ఊళ్లకు కొత్త పేచీ

ఏజెన్సీ అంచున ఓ ఆవు మెడ విరిగి పడిందంటే చాలు, విశాఖలో ఫోన్లన్నీ పాదముద్రల ఫొటోలతో నిండిపోతాయి. పులిని పట్టి జూకు తీసుకుపొమ్మని కొందరు, దాని దారిన దాన్ని పోనివ్వమని కొందరు. ఈ పేచీ మూలం 2022 వేసవిలో ఉంది.

ఆ మే నెలాఖరున కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పెద్దపులి జాడ బయటపడింది. దాదాపు నెల రోజులు అక్కడ పశువుల మీద బతికి, అనకాపల్లి జిల్లాలోకి, ఆపైన విజయనగరం వైపు నడిచింది. బోన్లు పెట్టినా చిక్కలేదు. 'దారితప్పిన పులి' అని పేరు పెట్టేశారు. పటం మీద గీసి చూస్తే దాని నడక తూర్పు కనుమల పాదాల వెంటే సాగింది. ఒక కొసన పాపికొండలు, నడుమ గూడెం కొత్తవీధి, చింతపల్లి, అవతల ఒడిశా అడవులు. రెండేళ్లు దాటి తల్లిని వదిలిన పులి సొంత చోటు వెతుక్కుంటూ పోయేది ఇలాంటి తోవనే.

మరి కొండ దిగి జీడితోటల్లోకి ఎందుకొచ్చింది? పెద్దపులికి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులు కావాలి. కణితి (సాంబార్ జింక), దుప్పి, అడవిపంది పలచబడిన కొండ మీద అన్ని దొరకవు. కాఫీ తోటకు నీడనిచ్చే చెట్లున్నా, కింద దుప్పి మేసే గడ్డి ఉండదు. దిగువన చూస్తే దాక్కోవడానికి చెరకు, జీడి పొదలు. సాయంత్రం ఇల్లు చేరని పశువులు.

2015 నవంబరును ఇక్కడ గుర్తుచేయాలి. చింతపల్లి రిజర్వు అడవిలో 1,212 హెక్టార్లను బాక్సైట్ తవ్వకానికి ఇస్తూ జీవో 97 వచ్చింది. గిరిజనుల భూమి, కాఫీ, ఊటగెడ్డల పేరుతో జరిగిన పోరాటం తర్వాత 2019లో రద్దయింది. ఆ తవ్వకం సాగి ఉంటే తోవ నడిమధ్యలోనే తెగేది. పులి ఊసు లేని పోరాటమే పులి తోవను కాపాడిందన్నమాట.

బోను కోరేవాళ్ల భయం వట్టిది కాదు. తెల్లవారుజామున చెరకు కొట్టడానికి వెళ్లేది వాళ్లే. కానీ బోను చివరి ఉపాయం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక ఉత్తర్వు లేనిదే పులిని పట్టకూడదు. తోటల్లో సులువుగా ఆవు దొరికే పులి, మనిషి వాసన కొట్టే ఇనుప గదిలోని ఎర కోసం దూరదు. జనం గుంపుకట్టి చూడబోతే అసలే రాదు.

ముందు చేయాల్సిన పని చచ్చిన పశువు దగ్గరే ఉంది. కళేబరాన్ని కదపకూడదు. పులి రాత్రికి మళ్లీ దానికోసమే వస్తుంది. బాటకు రెండు వైపులా, మోకాలెత్తున, సూటిగా ఎదురెదురుగా కాకుండా కొద్దిగా పక్కకు జరిపి కెమెరాలు కట్టాలి. కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు వేరు కాబట్టి ఒక్క కెమెరాతో పులిని పోల్చుకోవడం కుదరదు. కళేబరాన్ని ఈడ్చేస్తే పులి ఆకలితో ఇంకో ఆవును పడుతుంది. కోపంకొద్దీ దాని మీద పురుగుల మందు చల్లితే కథ అక్కడితో ముగుస్తుంది. ఆ కోపాన్ని ఆపేది పరిహారమే. పంచనామా, పశువైద్యుడి నివేదిక ఆ రోజే పూర్తికావాలి. నెలల తరబడి తిప్పితే రెండో ఆవు చచ్చినప్పుడు రైతు ఎవరికీ కబురు పెట్టడు.

విశాఖ జూ పక్కనే కంబాలకొండ అభయారణ్యం ఉందిగా, అక్కడ వదలండని నగరంలో ఓ సలహా ఉంది. అది సుమారు 70 చదరపు కిలోమీటర్లు. చిరుతలకు సరిపోతుంది, ఒక్క మగపులి ఏలుబడికే బొటాబొటి. చుట్టూ హైవే, కాలనీలు. పులిని కొత్త చోట వదలడం అంత తేలిక కాదు: ఒడిశాలోని సత్కోసియా పులుల అభయారణ్యానికి 2018లో మధ్యప్రదేశ్ నుంచి తెచ్చిన రెండు పులుల్లో మగది ఆ నవంబరులోనే చనిపోయింది. ఆడది మనుషుల మీద పడిందని బంధించి, 2021లో వెనక్కి పంపారు.

పులి రావడానికి కొన్ని వారాల ముందే, 2022 ఏప్రిల్‌లో, పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. కొండలు అల్లూరి జిల్లాకు, చెరకు అనకాపల్లికి, జూ విశాఖకు వచ్చాయి. పులి ఒక్క రాత్రిలో హద్దు దాటగలదు. దాని ఫొటో, అది చంపిన ఆవు ఫైలు కూడా అదే రాత్రి దాటాలి.