తాళం చెవి చేజారిన చోటు

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు వీధి చివరి మందుల షాపుగా తెలిసిన వాల్‌గ్రీన్స్, 2025 ఏప్రిల్‌లో 35 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2012 ఆగస్టు నుంచి 2023 మార్చి దాకా చెల్లని ప్రిస్క్రిప్షన్ల మీద ఓపియాయిడ్లు (నల్లమందు తరహా నొప్పి మందులు), ఇతర నియంత్రిత మందులు ఇచ్చిందని, అలాంటి చీటీలు లక్షల్లో ఉన్నాయని ప్రభుత్వం అంటోంది. తప్పు చేసినట్టు ఒప్పుకోవడం లేదని కంపెనీ అంటోంది. అంతకు నాలుగు నెలల ముందే మందుల షాపుల మరో కంపెనీ సీవీఎస్ మీదా ఇలాంటి దావా పడింది. దాంతో పాత ప్రశ్న మళ్లీ లేచింది: పదేళ్లకు పైగా ఇది సాగుతుంటే ప్రభుత్వం ఎందుకు ఆపలేదు?

నొప్పి మాత్రలు అమెరికాను ఎలా ముంచెత్తాయో, పర్డ్యూ కంపెనీ ఏం చెప్పి అమ్మిందో చాలామంది చదివే ఉంటారు. ఈ ప్రశ్నకు జవాబు అక్కడ లేదు. 2016 ఏప్రిల్ 19న అధ్యక్షుడు ఒబామా సంతకం పెట్టిన ఒక చిన్న చట్టంలో ఉంది. రోగులకు మందులు అందేలా చూడటం, మాదకద్రవ్యాల నియంత్రణ పక్కాగా జరగడం అని దాని పేరులోనే రాసుకున్నారు. రెండు సభల్లోనూ ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. ఎవరు అవును అన్నారో, ఎవరు కాదన్నారో లెక్కపెట్టే ఓటింగే జరగలేదు.

ఆ చట్టం ఏం మార్చిందో తెలియాలంటే అంతకుముందు డీఈఏ (అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ) చేతిలో ఏముందో చూడాలి. 1970 నాటి చట్టం ప్రకారం నియంత్రిత మందులు తయారుచేసే, నిలవచేసే, అమ్మే ప్రతి సంస్థా డీఈఏ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దాన్ని రద్దు చేయాలంటే నోటీసు, విచారణ, జడ్జి సిఫార్సు, ఆపై తుది నిర్ణయం, ఇలా ఏళ్లు పడుతుంది. ఈలోగా గోడౌన్ నుంచి లారీలు కదులుతూనే ఉంటాయి. అందుకే చట్టంలో ఇంకో దారి పెట్టారు. ప్రజల ఆరోగ్యానికి ముప్పు ముంచుకొస్తోందని డీఈఏ భావిస్తే రిజిస్ట్రేషన్‌ను అప్పటికప్పుడు సస్పెండ్ చేయొచ్చు. విచారణ ఆ తర్వాత జరుగుతుంది. ఆ రోజుకు మాత్రం తాళం పడుతుంది. ముప్పు అంటే ఏమిటో చట్టం విడమరచి చెప్పలేదు. డీఈఏకు ఉన్న బలమంతా అందులోనే ఉంది.

ఆ బలాన్ని వాడి చూపించినవాడు జోసెఫ్ రన్నజిసి. 2005 నుంచి 2015 వరకు డీఈఏలో మందులు దుర్వినియోగానికి మళ్లకుండా అరికట్టే విభాగాన్ని నడిపాడు. ఫార్మసీ చదివాడు, లా చదివాడు. అనుమానం కలిగించే ఆర్డర్లు వస్తే మాకు చెప్పాలి, సరుకు పంపకూడదు అని హోల్‌సేల్ కంపెనీలకు 2006, 2007లో ఉత్తరాలు రాయించాడు. వినకపోతే తాళాలు వేశారు. 2007లో అమెరిసోర్స్‌బర్గెన్ వారి ఓర్లాండో గోడౌన్‌కు, ఆ ఏడాది చివర్లో కార్డినల్ హెల్త్ వారి మూడు గోడౌన్లకు. 2012 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో కార్డినల్‌కు మరోసారి. అక్కడి నుంచి నాలుగంటే నాలుగు షాపులకు 2008 మొదలు నాలుగేళ్లలో 1.2 కోట్లకు పైగా ఆక్సికోడోన్ అనే ఓపియాయిడ్ మాత్రలు వెళ్లాయి. కంపెనీ కోర్టుకెక్కింది. ఫెడరల్ జడ్జి రెగీ వాల్టన్ సస్పెన్షన్‌ను ఆపడానికి ఒప్పుకోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో వాల్‌గ్రీన్స్ వారి జూపిటర్ గోడౌన్‌కూ తాళం పడింది. ఆ గొడవ 2013లో 8 కోట్ల డాలర్లతో తీరింది. 2025లో తేలిన కేసులో ప్రభుత్వం చెప్పిన కాలం కూడా 2012 నుంచే మొదలవుతోంది.

కాబట్టి 2012లోనే అంతా తెలుసు, ఆపే మార్గం కూడా ఉంది. 2014 జులైలో పార్లమెంటు సిబ్బందితో ఫోన్‌లో మాట్లాడుతూ రన్నజిసి, తర్వాత 2016 చట్టంగా మారిన బిల్లు నేరగాళ్లను కాపాడుతుందని కుండబద్దలు కొట్టాడు. బిల్లు తెచ్చిన పెన్సిల్వేనియా సభ్యుడు టామ్ మరీనో, ఆయనతో కలిసిన మార్షా బ్లాక్‌బర్న్ దాన్ని బెదిరింపుగా తీసుకుని, రన్నజిసి మీదే విచారణ జరపాలని అడిగారు. 2015లో ఆయన్ను ఆ కుర్చీలోంచి తప్పించారు. కొన్ని వారాలకే రిటైరయ్యాడు. ఆ తర్వాతి వసంతానికి బిల్లు చట్టమైంది.

చట్టం మార్చింది ఒక్క నిర్వచనం. ఇకమీదట ముప్పు అంటే, వెంటనే సస్పెండ్ చేయకపోతే మరణం గానీ, తీవ్రమైన హాని గానీ, మందుల దుర్వినియోగం గానీ జరిగే తక్షణ ప్రమాదం గట్టిగా ఉందని చూపాలి. రోగికి మాత్ర ఇచ్చే డాక్టర్ విషయంలో ఇది చూపొచ్చేమో. రోగి ముఖమే చూడని గోడౌన్ విషయంలో ఎలా? ఆ గోడౌన్ నుంచి మాత్ర షాపుకు, షాపు నుంచి చీటీకి, చీటీ నుంచి మనిషికి చేరాలి. డీఈఏ ముఖ్య పరిపాలనా జడ్జి జాన్ మల్రూనీ ఒక లా జర్నల్‌లో రాసింది కూడా ఇదే: ఈ పరీక్షలో నెగ్గడం దాదాపు అసాధ్యం. రిజిస్ట్రేషన్ రద్దు చేసేముందు దిద్దుబాటు ప్రణాళిక ఇచ్చే అవకాశం కూడా కంపెనీలకు దక్కింది. దోచిన డబ్బు తిరిగిచ్చి ఇక దోచుకోను అంటే దొంగను వదిలేయడం లాంటిదని ఆయన పోల్చారు.

కంపెనీల వాదన వేరు. ఏ ఆర్డర్ అనుమానకరమో డీఈఏ తేల్చి చెప్పదు, తర్వాత హఠాత్తుగా తాళం వేస్తుంది, నిజంగా నొప్పితో ఉన్న రోగులు మందు దొరక్క నలిగిపోతారు అంటాయి. సెనేట్‌లో బిల్లును నడిపిన ఆరిన్ హాచ్, బిల్లులోని మాటలకు డీఈఏ, న్యాయశాఖ కూడా ఒప్పుకున్నాయని గుర్తుచేశారు. అది నిజమే. తాళాలు వేయడం అంతకుముందే తగ్గిందన్నదీ నిజమే: వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టిన లెక్క ప్రకారం 2011లో 65 ఉన్న తక్షణ సస్పెన్షన్లు 2014కి 9కి పడిపోయాయి. నా దృష్టిలో ఇది చట్టానికి సాకు కాదు. సొంత ఆఫీసు లాయర్లే కేసులు వెనక్కి పంపుతున్నారని రన్నజిసి మనుషులు మొత్తుకుంటున్న కాలమది. సడలిన పట్టును మళ్లీ బిగించాల్సిన చట్టసభ, ఆ సడలింపునే శాశ్వతం చేసింది. చట్టం వచ్చిన ఆ ఒక్క ఏడాదే అమెరికాలో ఓపియాయిడ్ల వల్ల 42 వేల మందికి పైగా చనిపోయారు. వెస్ట్ వర్జీనియాలో కెర్మిట్ అనే ఊరు ఉంది. జనాభా 400. అక్కడి ఒక్క షాపుకే రెండేళ్లలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ అనే ఓపియాయిడ్ మాత్రలు వెళ్లాయి. తక్షణ ప్రమాదం చూపమని చట్టం అడిగేది ఇలాంటి ఊళ్లకు సరుకు పంపిన గోడౌన్ల గురించి.

ఈ చట్టం కథను 2017 అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్, సీబీఎస్ కలిసి బయటపెట్టిన రెండు రోజులకే మరీనో మాదకద్రవ్యాల నియంత్రణ అధిపతి పదవికి తన నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. ఆ నవంబరులో 44 మంది రాష్ట్రాల అటార్నీ జనరళ్లు చట్టాన్ని రద్దు చేయాలని ఉత్తరం రాశారు. రద్దు బిల్లు వచ్చింది, ముందుకు సాగలేదు. 2018లో తెచ్చిన పెద్ద ఓపియాయిడ్ చట్టం, అనుమానకరమైన ఆర్డర్లను దాచే కంపెనీలకు జరిమానాను ఒక్కో ఉల్లంఘనకు 10 వేల డాలర్ల నుంచి లక్షకు పెంచింది. 2016 నాటి నిర్వచనం జోలికి మాత్రం వెళ్లలేదు. ఆ నిర్వచనం ఇవాళ్టికీ అలాగే ఉంది.