చిన్న కన్వర్టిబుల్‌లో రోల్‌బార్, తలపైన ఖాళీ: అపోహలు - వాస్తవాలు

చిన్న కన్వర్టిబుల్ కార్లకు, అంటే పైకప్పు మడిచేసే కార్లకు, రోల్‌బార్లు బిగించడం, రేసు ట్రాక్‌పైకి వెళ్లే ముందు అలాంటి కార్లను తనిఖీ చేయడం నా వృత్తి. రోల్‌బార్ అంటే కారు తలకిందులైతే తలను కాపాడేందుకు సీట్ల వెనుక బిగించే ఇనుప గొట్టాల చట్రం. కొత్త బార్ బిగించుకొని వచ్చినవారు సీట్లో కూర్చొని, చెయ్యి వెనక్కి చాపి బార్ పైభాగాన్ని తడిమి, "నా తలకన్నా నాలుగు వేళ్ల ఎత్తులో ఉందండీ, ఇంకేం కావాలి?" అని అడుగుతారు. ఆ తర్వాత నేను చెప్పే మాట వారికి నచ్చదు. అప్పటికే డబ్బు ఖర్చయి ఉంటుంది కనుక వారి బాధ నాకు అర్థమవుతుంది.

అపోహ: బార్ నా తలకన్నా ఎత్తుగా ఉంటే చాలు.

చాలదు. కారు తలకిందులైనప్పుడు దాని బరువు వెనుక రోల్‌బార్ మీద, ముందు విండ్‌షీల్డ్ ఫ్రేము పైఅంచు మీద ఆనుతుంది. ఆ రెండింటినీ కలుపుతూ గీసిన గీతే అప్పటికి నేల. అందుకే తనిఖీలో ఒక తిన్నని కర్రను ఫ్రేము పైఅంచు నుంచి బార్ పైభాగం దాకా పెట్టి, హెల్మెట్ ధరించి బెల్టు బిగించుకున్న డ్రైవరు తల దాని కింద ఎంత దూరంలో ఉందో చూస్తాం. దీనికి చీపురుకర్ర పరీక్ష అన్న పేరు స్థిరపడింది. కర్రను తాకకపోతే చాలనేవారు కొందరున్నా, 2 అంగుళాలు, అంటే సుమారు 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలన్న నియమమే ఎక్కువగా కనిపిస్తుంది. తలకిందులుగా వేలాడే మనిషి శరీరం బెల్టులోంచి కొంత జారుతుంది, బెల్టు సాగుతుంది, వెన్ను కూడా కొద్దిగా నిడివి పెరుగుతుంది. పైగా ముందు ఫ్రేము వంగకుండా నిలుస్తుందన్న హామీ లేదు. ఆ 5 సెంటీమీటర్లు వీటన్నిటికీ కలిపి ఉంచినవే.

నాలుగు వేళ్ల ఖాళీ ఎలా మాయమవుతుందో ఒక లెక్కలో చూడండి. బార్ పైభాగం ఫ్రేము పైఅంచుకన్నా 20 సెంటీమీటర్లు ఎత్తులో ఉందనీ, రెండింటి మధ్య దూరం 100 సెంటీమీటర్లనీ, తల బార్‌కు 30 సెంటీమీటర్లు ముందుందనీ అనుకుందాం. గీత ముందుకు వాలుతుంది కనుక తల ఉన్న చోటికి వచ్చేసరికి అది బార్‌కన్నా 6 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. మీరు చేత్తో కొలిచిన నాలుగు వేళ్లలో, అంటే సుమారు 7 సెంటీమీటర్లలో, మిగిలేది 1. హెల్మెట్ మందం సుమారు 4 సెంటీమీటర్లు కలిపితే తల గీతను 3 సెంటీమీటర్లు దాటిపోతుంది. బార్‌ను మరో 5 సెంటీమీటర్లు పెంచుదామంటే తల దగ్గర దక్కేది 3.5 మాత్రమే, పైగా గుడ్డ టాపు మడతపడే చట్రం దానికి అడ్డొస్తుంది. సీటును 5 డిగ్రీలు వెనక్కి వాలిస్తే తల సుమారు 2.5 సెంటీమీటర్లు దిగుతుంది కానీ, దాదాపు 6 సెంటీమీటర్లు బార్‌కు దగ్గరవుతుంది. కాబట్టి ఖాళీని ఎక్కువగా కిందినుంచే, అంటే సీటునుంచే సంపాదించాలి. అసలు సీటులోని స్పాంజిని కొంత తగ్గించవచ్చు, లేదా సీటు ముందుకూ వెనక్కీ జరిగే పట్టాలు తీసేసి, షెల్ సీటును (వంగని ఒకే గుల్లగా ఉండే రేసు సీటును) నేలకు దగ్గరగా బిగించవచ్చు. రెండో పద్ధతిలో ఖాళీ ఎక్కువ దక్కుతుంది కానీ, వేరే ఎత్తువారు ఆ కారు నడపడం కష్టమవుతుంది.

సీటు సంగతి తేల్చాకే బార్ అన్న క్రమం నాకూ మొదట తెలియదు. నా సొంత కారుకు ముందు బార్ బిగించి తర్వాత షెల్ సీటు కొన్నాను. సీటు భుజాలు బార్‌లోని ఏటవాలు గొట్టానికి తగిలి సీటు వెనక్కి జరగకుండా ముందుకే ఉండిపోయింది, స్టీరింగ్ మోకాళ్లను నొక్కింది. చేసిన వెల్డింగును నేనే కోసి మళ్లీ చేసుకున్నాను. ముందు సీటు, తర్వాత అందులో హెల్మెట్‌తో మనిషి, ఆ కొలతలన్నీ చేతికి వచ్చాకే బార్.

అపోహ: ఇది పొడగరుల సమస్య.

లెక్కలోకి వచ్చేది నిలబడిన ఎత్తు కాదు, కూర్చున్న ఎత్తు. మొదటితరం మాజ్డా ఎంఎక్స్-5ను ఇద్దరు స్నేహితులు కలిసి వాడుకునేవారు. పొడవైన ఆయన పరీక్షలో సులభంగా నెగ్గారు, ఆయన భుజానికి కాస్త పైకి వచ్చే రెండో ఆయన తప్పారు. నేను పరిహాసమాడుతున్నానని అనుకొని నొచ్చుకున్న ఆయనకు, పొడవంతా మొండెంలోనే ఉందని కొలిచి చూపించాల్సి వచ్చింది. స్పాంజి తగ్గించుకొని తిరిగి వచ్చాక ఆయనా నెగ్గారు.

అపోహ: అందం కోసం అమ్మే బార్ కూడా ఎంతో కొంత కాపాడుతుంది.

సన్నని గొట్టంతో, వెనుక ఊతకాళ్లు లేకుండా, పలుచని రేకుకు నాలుగు బోల్టులతో బిగించినది గాలిని ఆపుతుందేమో గానీ కారును మోయదు. సరైన బార్‌కు వెనక్కి దిగే ఊతకాళ్లు, ఏటవాలు గొట్టం, రేకుకు రెండు వైపులా గట్టి పలకలు ఉండాలి. విండ్‌షీల్డ్ ఫ్రేమే చాలన్న మాట ఇంకా విచిత్రం. పైకప్పు బలాన్ని పరీక్షించే అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 216 నుంచి కన్వర్టిబుల్ కార్లకు మినహాయింపు ఉందని గుర్తుంచుకుంటే చాలు.

అపోహ: ప్యాడింగ్ చుట్టేస్తే తలకు భయం లేదు.

పైపులకు చుట్టే మెత్తని ఫోమ్ దెబ్బకు పూర్తిగా నలిగిపోయి, తల ఇనుముకే తగులుతుంది. వాడాల్సింది రేసు పరికరాలకు వర్తించే ఎస్‌ఎఫ్‌ఐ 45.1 ప్రమాణానికి తగిన గట్టి ప్యాడింగ్. అదైనా హెల్మెట్ ధరించిన తలను దృష్టిలో పెట్టుకొని చేసినదే. రోడ్డు మీద హెల్మెట్ లేకుండా వెళ్తున్నప్పుడు వెనుకనుంచి మరో వాహనం గుద్దితే సీటు వెనక్కి వంగుతుంది, తల బార్‌వైపు వెళ్తుంది. ఇలాంటి దెబ్బ కారు తలకిందులు కావడంకన్నా తరచుగా జరిగేదే.

బార్ బిగించుకుంటే తలకు తగులుతుందేమోనన్న ఈ భయంతోనే ఒకాయన నా దగ్గరకు వచ్చారు. ట్రాక్‌కు ఎన్నడూ వెళ్లరు, కారు నడిపేది వారాంతంలో రోడ్డు మీదే, మనిషి పొడగరి. సీటు చివరిదాకా వెనక్కి జరిపి, బెల్టు బిగించి, ఆయన తల వెనుక బార్ రాబోయే చోట అట్టముక్క పెట్టి చూస్తే మధ్యలో నా అరచెయ్యి కూడా పట్టలేదు. మీ వాడకానికి ఈ బార్ వద్దని చెప్పి పంపించాను.